గేటు దగ్గర ఏడు తరాలు

మొగుడి పేరు నోటితో పలకకూడదని మా కిర్గిజుల ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. రాయడం పలకడం కిందికి రాదు గనుక ఇక్కడ రాసేస్తున్నాను: ఇమానాలీ. జిల్లా భూముల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా కొలతల ఉద్యోగి. ఎవరి మంద ఏ కొండ మీద మేయాలి, ఎవరి గడ్డి పొలం ఎక్కడ ఆగాలి అన్నది ఈయన కొలిచి చెప్పాలి. అంటే మా నారిన్ లోయలో గొర్రె ఉన్న ప్రతివాడికీ ఈయనతో పని ఉంటుంది. గొర్రె లేనివాడు మా లోయలో లేడు.

అలాంటి కుర్చీలో కూర్చున్నవాడి ఇల్లు ఎలా ఉండాలి చెప్పండి! పక్క జిల్లాలో ఇదే ఉద్యోగం చేసేవాడి పెళ్ళానికి నక్కతోలు కోట్లు రెండున్నాయి. మా ఇంట్లోకి ఊరికే వచ్చి పడింది మంచు ఒక్కటే. అదైనా ఆయన పొద్దున్నే లేచి పారతో బయటికి ఎత్తి పోసేవాడు.

మా విందుల్లో వయసునుబట్టి, వరసనుబట్టి ప్రతి అతిథికీ ఒక మాంసపు ఎముక వడ్డిస్తారు. కాస్త తిని, మిగిలింది మూట కట్టుకుని ఇంట్లో పెళ్ళాంపిల్లలకు తెచ్చిపెట్టడం మగవాడి మర్యాద. మా పిల్లలు కిటికీ దగ్గర మొహాలు ఆనించి నాన్న కోసం ఎదురుచూసేవారు. ఈయన ఒట్టి చేతులతో దిగేవాడు.

"మూట ఏదండీ?" అనేదాన్ని.

"అక్కడ తింటే ఆతిథ్యం. ఇంటికి తెస్తే కానుక. నేను ప్రభుత్వోద్యోగిని."

వదిలేసి రావడం ఇంటివాళ్ళకు అవమానం కదా, అందుకని వడ్డించిందంతా అక్కడే తినేసేవాడు! ఒకసారి పెద్ద తొడ ఎముక వంతుకొచ్చింది. ముగ్గురు తినేది ఒక్కడే తిని, మూడు రోజులు పొట్ట మీద వేడినీళ్ళ సీసా పెట్టుకుని మూలుగుతూ పడుకున్నాడు. మూలగండి, నాకేం, నేనా తినమన్నాను? ఇంకోసారి ఎవరో మా గేటుకు తోలుసంచి నిండా గుర్రప్పాలు పులిసినవి తగిలించి పోతే, మంచులో గుర్రపు అడుగులు పట్టుకుని ఏడు కిలోమీటర్లు నడిచివెళ్ళి తిరిగి ఇచ్చొచ్చాడు. వాళ్ళు టీ ఇచ్చారట. తాగాడట. అక్కడ తాగితే ఆతిథ్యం కదా మరి!

ఇంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టే ఇన్నేళ్ళూ కాపురం చేశాను. ఈయనకు తొమ్మిదేళ్ళప్పుడు వీళ్ళమ్మ గడ్డి పొలం సగం పక్కవాడి పొలంలో కలిసిపోయింది. కొలిచిన ఆఫీసరు కొత్త జీను మీద కూర్చుని వెళ్ళిపోయాడు. ఆ జీను పక్కింటి గుర్రానిదని చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అది ఆయన మరిచిపోలేదు.

సరే, పోయిన వసంతంలో పట్నం నుంచి ఆఫీసుకు ఒక కొత్త కాయితం వచ్చింది. ఉద్యోగి గానీ, ఇంట్లోవాళ్ళు గానీ పండగకైనా పబ్బానికైనా బయటివాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోరాదు. కింది ఉద్యోగుల దగ్గర అసలే పుచ్చుకోరాదు. బంధువులు ఇచ్చుకున్నవాటికి మాత్రం అడ్డు లేదు. ఈయన దాన్ని తెచ్చి నా పొయ్యి పైన గోడకు అతికించాడు. సలసలా కాగుతున్న నూనె చూడాలా, ఆ కాయితం చూడాలా నేను?

అదే నెలలో మా మనవడు తిలెక్ నడిచాడు. బిడ్డకు నడక వస్తే మేం తాడు కోత చేస్తాం. నల్ల ఊలు, తెల్ల ఊలు కలిపి పేనిన తాడుతో బిడ్డ కాళ్ళు రెండూ కట్టి నిలబెడతాం. ఊరి పిల్లలు దూరం నుంచి పరుగెత్తుకొస్తారు. ముందొచ్చినవాళ్ళు తాడు కోస్తారు. అప్పుడు బిడ్డ దారి తెరుచుకుంటుంది. ఎంతమంది చేరితే అంత దీవెన. ఎవరూ రాని వాకిట్లో మాకు మేమే కోసుకుంటే, ఆ బిడ్డను లోకం ఒప్పుకోనట్టే. నాకున్నది ఒక్క మనవడు.

పిలుపు తానే రాస్తానన్నాడు మా ఆయన. ఊరందరి ఫోన్లకూ వెళ్ళే గుంపులో రాశాడు: "శనివారం మా మనవడి తాడు కోత. అందరూ రండి. కానుకలు తేవద్దు."

చూసి ఫోను ఆయన మొహం ముందు పెట్టాను. "ఏమండీ, దీనికి అర్థం ఏంటో తెలుసా మీకు?"

"అందరూ రమ్మని."

"కాదు. ఎవరూ రావద్దని!"

మా లోయలో ఒట్టి చేతులతో విందుకు వెళ్ళడమంటే ఒంటి మీద బట్టల్లేకుండా వెళ్ళినట్టు. తేవద్దు అన్నారంటే నీ మొహం చూడను అన్నట్టు. సాయంత్రానికి జవాబులు మొదలయ్యాయి. మా ఊరి కాసిమాలీ గొర్రెలకు మందు తాగించాలట. ఇంకొకావిడ గొర్రెలకు కాలి జబ్బట. ఇంకొకాయన గొర్రెలు ఈనేట్టున్నాయట, ఈతలన్నీ ఎప్పుడో అయిపోయాక, మే నెలాఖర్లో! ఆ ఒక్క శనివారం మీదే కక్షగట్టి మా లోయలో గొర్రెలన్నిటికీ ఏదో ఒకటి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి రెండు గొర్రెలను కోయడం అయింది. మూడు గంపల పిండి ముక్కలు నూనెలో వేయించాను. వస్తామన్నవాళ్ళు మాత్రం ఒక్కరే, ఆఫీసు డ్రైవరు తాబిల్దీ. అతను పద్దెనిమిదేళ్ళుగా మా ఆయన్ని కొండల మీదికి తిప్పుతున్నాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. అనాథాశ్రమంలో పెరిగాడు. తాబిల్దీ అంటే దొరికాడు అని, అక్కడివాళ్ళు పెట్టిన పేరు. అతను కూడా "బస్సు రోడ్డు నుంచి వచ్చేవాళ్ళను నేను దింపుతాను వదినా" అన్నాడంతే. వచ్చేవాళ్ళుంటే కదా నాయనా!

గంపల ముందు కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది, ఏడుపొస్తే ఏడవనా? అప్పుడే ఉర్కుయా అత్త, మా ఆయనకు మేనత్త, కర్ర టకటకలాడిస్తూ లోపలికొచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. లోయలో ఎవరి ముత్తాత ఎవరికి బాకీ పడ్డాడో కూడా చెప్పగలదు.

"ఎవరు పోయారే, అంతలా ఏడుస్తున్నావు?"

"మీ మేనల్లుడి పుణ్యమా అని నా పరువు పోయింది అత్తా. ఆ గోడ మీద కాయితం చూడు."

"నా కళ్ళకు గోడే కనపడదు, కాయితం కూడానా! చదువు."

చదివాను. బంధువుల మాట దగ్గర ఆపింది.

"ఎన్నో తరం దాకా బంధువులో రాశారా?"

"రాయలేదు."

"పట్నంవాళ్ళు కదా, వాళ్ళకు తెలీక వదిలేసుంటారు. మనకు తెలుసుగా. ఏడు." కర్ర ఎత్తి మా ఆయన వైపు చూపించింది. "ఏరా, ఈ లోయలో ఏడు తరాల లోపు నీకు ఏదో వైపు నుంచి దాయాదో చుట్టమో కానివాడు ఎవడైనా ఉన్నాడా?"

మా ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఇది రూల్‌ను ఏమార్చడం అత్తా."

"ఏమార్చడమా? తాతల పేర్లు అబద్ధం చెప్పేవాడు మన లోయలో పుట్టాడా?"

మా పిల్లలకు అమ్మ అన్న మాట తర్వాత నేర్పేది నాన్న నుంచి పైకి ఏడుగురి పేర్లే. ఆయన ఒప్పుకున్నాడు. గేటు దగ్గర తానే కూర్చుంటాడు. ప్రతివాళ్ళూ తమ ఏడుగురినీ చెప్పాలి. చుట్టరికం కలిస్తేనే కానుక లోపలికి. ఆఫీసులో తన ముందు పని పడి ఉన్నవాళ్ళది మాత్రం, సొంత అన్నదైనా సరే, పుచ్చుకోడు.

"వాళ్ళు తిని దీవించిపోతారులేరా. వాళ్ళ సిగ్గు సంగతి నేను చూసుకుంటా," అంది అత్త. ఫోను నా చేతికిచ్చి అందరికీ అదే చెప్పమంది. గంటలో లోయలో గొర్రెలన్నిటికీ జబ్బు నయమైంది.

శనివారం మా గేటు ముందు జరిగింది చూడవలసిందే. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాయితం మోకాలి మీద. పక్కనే ఉర్కుయా అత్త, తప్పు చెప్పినవాళ్ళను పట్టుకోవడానికి. ఒకడు గొర్రెను చంకన పెట్టుకుని తాతల పేర్లు చెబుతుంటే, ప్రతి పేరుకూ గొర్రె మే మే అంటోంది. ఒకావిడ చుట్ట చుట్టిన కంబళి నెత్తిన పెట్టుకుని ఐదో తాత దగ్గర తడబడింది. "పొద్దున దాకా నోటికొచ్చిందే!" అని లబోదిబోమంది. అత్త అందించింది. వరస వెనక వరస, నాన్నల పేర్లు గోడ దాటి వీధిలోకి వినపడుతున్నాయి.

చిక్కంతా కాసిమాలీతో వచ్చింది. కానుకగా తెచ్చిన గుర్రప్పిల్ల పగ్గం పట్టుకుని, ఆరుగురిని టకటకా చెప్పి ఏడో పేరు దగ్గర ఠక్కున ఆగాడు.

"చెప్పు బావా," అన్నాడు మా ఆయన.

"చెప్పను."

"అదేంటి?"

"చెబితే మనం దాయాదులమైపోతాం. మా అమ్మాయిని మీ తమ్ముడి కొడుక్కి అనుకుంటున్నామా? ఏడు లోపు కలిస్తే పెళ్ళెలా జరుగుతుంది? మనం ఎనిమిదో తాత దగ్గర కలుస్తామని నా లెక్క."

"ఎనిమిదైతే బయటివాడివి. ఆ గుర్రప్పిల్లను వెనక్కి తోలుకెళ్ళు."

"అయ్యో, పెళ్ళి కావాలంటే కానుక లేదు, కానుక ఇస్తే పెళ్ళి లేదా! ఇదెక్కడి న్యాయం?"

గుంపంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. కాసిమాలీ పెళ్ళాం ముందుకొచ్చి గుర్రప్పిల్ల పగ్గం లాక్కుంది. "తప్పుకో, నీ తాతలు నీ దగ్గరే ఉంచుకో. ఇమానాలీ అన్నయ్యా, మీ అమ్మ వైపు నుంచి నేను మీకు చెల్లెలి వరస, పెళ్ళికి తండ్రి వైపు లెక్కే గాని తల్లి వైపుది అడ్డు రాదు. ఈ గుర్రప్పిల్ల నాది. ఈయన నాతో ఊరికే నడిచొచ్చాడు." అత్త వేళ్ళు మడిచి చూసి సరే అంది. కాసిమాలీ పెళ్ళాం వెనకాల తల దించుకుని లోపలికొచ్చాడు.

పన్నెండు దాటేసరికి వాకిట్లో ఇసుక వేస్తే రాలేట్టు లేదు. తిలెక్ కాళ్ళకు తాడు కట్టాం. పిల్లలు పరుగుకు గీత దగ్గర నిలబడ్డారు. నేను టీ పళ్ళెం పట్టుకుని గేటు వైపు వెళ్ళానా, బయట ఎవరినో అడిగి తెచ్చిన పాత కారు. దానికి ఆనుకుని తాబిల్దీ. పొద్దుట్నుంచీ ఐదుసార్లు జనాన్ని తెచ్చి దింపాడు, తను మాత్రం గేటు దాటలేదు.

"లోపలికి రావయ్యా, మాంసం చల్లారిపోతోంది."

"వస్తాలే వదినా." చుట్టూ చూసి కోటు లోపలి నుంచి ఒక పొట్లం తీశాడు. ఎర్రటి తోలు బూట్లు, నా అరచేతిలో రెండూ పట్టేంత. "ఇవి మీరే కొన్నట్టు బాబుకు తొడిగెయ్యండి. నా పేరు చెప్పకండి. నాకు ఏడు కాదు కదా, ఒక్కటి కూడా తెలీదు."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. వెనక్కి తిరిగితే మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఇతను బంధువు కాడు, పైగా కింది ఉద్యోగి. కాయితం ప్రకారం రెండు వైపులా తలుపు మూసే ఉంది. ఈ మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసనుకున్నాను. నోటికి వచ్చినట్టు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను కూడా.

ఆయన కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాటి వెళ్ళి తాబిల్దీ పక్కన నిలబడ్డాడు, అతనితో పాటు తానూ లోపలికి రావలసినవాడిలాగా.

"మా నాన్న దగ్గర్నుంచి, నా వెనకాలే చెప్పు," అన్నాడు. "ఓస్మోన్."

"సార్, వద్దు సార్."

"సార్ ఎవరు ఇక్కడ? ఓస్మోన్ అను."

"ఓస్మోన్," అన్నాడు తాబిల్దీ.

"కీదిక్."

"కీదిక్."

"సర్బా."

"సర్బా." వాకిట్లోవాళ్ళంతా గేటు దగ్గరికి చేరారు. మా ఆయన అతని మొహమే చూస్తూ "బెర్దికే" అన్నాడు.

"ఒరేయ్!" ఉర్కుయా అత్త కర్ర నేలకేసి కొట్టింది. "మధ్యలో చోకోయ్‌ను ఎక్కడ పారేశావురా? తమ్ముడికి చెప్పేటప్పుడైనా సరిగ్గా చెప్పు!"

ఒక్కరంటే ఒక్కరు, ఒక్క పేరు తప్పు పలికితే కొట్టుకు చచ్చే మా ముసలాళ్ళలో ఒక్కరు కూడా నోరెత్తలేదు. మళ్ళీ చోకోయ్ నుంచి మొదలుపెట్టారు. చోకోయ్, బెర్దికే, తినాయ్, బొరుబాయ్. ఏడూ అయ్యాక మా ఆయన చెయ్యి చాపాడు. "ఇప్పుడివ్వు ఆ బూట్లు." అబద్ధం అంటే ఎరగని మనిషి, ఊరందరి ముందు అంత పెద్ద అబద్ధం ఆడి, నెత్తి మీద టోపీ సర్దుకుని లోపలికి నడిచాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి మరీ. నాకు ఆయన మీద అంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు, నిజం చెబుతున్నాను.

పిల్లలు పరుగెత్తారు. తాడు తెగింది. తిలెక్ ఎర్రబూట్లతో నాలుగడుగులు వేసి గుర్రప్పిల్ల కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అందరూ దీవించారు.

అంతటితో ఊరుకుంటే ఆయన ఇమానాలీ ఎలా అవుతాడు! సోమవారం పొద్దున్నే కూర్చుని ఆఫీసుకు అర్జీ రాశాడు. డ్రైవరు తాబిల్దీ నాకు తమ్ముడు, బంధువు కింద బంధువు పని చేయరాదు కనుక అతన్ని వేరే శాఖకు మార్చవలసింది అని.

"తమ్ముణ్ణి చేసుకుని రెండు రోజులు కాలేదు, అప్పుడే గెంటేస్తారా?" అని అరిచాను.

"గెంటడం లేదు. పశువైద్యుల బండికి వెళతాడు, జీతం అంతే. రాత్రి భోజనానికి ఇక్కడికే వస్తాడు. రూల్ రూలే."

పై అధికారి అర్జీ చదివి, తాబిల్దీ కాయితాలు తెప్పించుకుని, తండ్రి పేరు ఉండవలసిన చోట ఖాళీ చూపించాడట. "ఇతను మీ తమ్ముడని రుజువు ఏదండీ?" అని అడిగాడట. మా ఆయన నోరు తెరవబోతే తాబిల్దీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడట. టోపీ తీసి, నిటారుగా నిలబడి, ఏడుగురి పేర్లూ ఒక్కటి తప్పకుండా చెప్పాడట. చోకోయ్ పేరు మాత్రం మిగతావాటికన్నా కాస్త గట్టిగా చెప్పాడట.

అధికారి సంతకం పెట్టాడు.