మేడమ్ దాటేసిన కవి

మంగళవారం మధ్యాహ్నం మేడమ్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. క్లాసు మధ్యలో ఉన్నా ఎత్తి, "చెప్పండి మేడమ్" అన్నాను. అవతల వాళ్లమ్మాయి గొంతు వినిపించింది. "అమ్మ పొద్దున్నే పోయారండీ. ముందు మీకు చెప్పమన్నారు." ఆ మాట ఎప్పుడు చెప్పి పెట్టారో అడగలేదు, దహనం ఎప్పుడని మాత్రం అడిగాను. పెట్టేశాక చూస్తే తెర మీద ఇంకా 'మేడమ్' అనే ఉంది, నాలుగు నిమిషాలు ఆవిడతోనే మాట్లాడినట్టు.

ఇబ్రహీంపట్నంలో నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఆవిడ మాకు ఇంగ్లీషు సాహిత్య చరిత్ర చెప్పారు. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడ్డ కుటుంబం. రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. మేమంతా వరి, కూరగాయలు పండించే ఇళ్ల పిల్లలం. ఇంగ్లీషంటే మాకు జ్వరం. అట్లాంటి నేను ఇప్పుడు శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. సాహిత్యం కాదు లెండి. ఇంటర్వ్యూలో ఎంత నవ్వాలో, ఎక్కడ ఆపాలో నేర్పుతాను. ఆ నాలుగు మెతుకులు కూడా ఆవిడ పెట్టినవే.

పుస్తకం తెరిచేముందు అట్ట మీద వేళ్ల కణుపులతో రెండుసార్లు కొట్టి ఆగేవారు. మొదటిరోజు మేం నవ్వితే, "లోపలున్న వాళ్లు సర్దుకోవాలి కదర్రా" అన్నారు. ఆ అనడంలో హాస్యం లేదు. మా నవ్వు అక్కడే ఆగిపోయింది.

జూలైలో ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. అందులో చీటీలు. ఒక్కో చీటీలో ఒక్కో రచయిత. ఎవరికి ఎవరొస్తే ఏడాదంతా ఆ మనిషే. కాలాల వారీగా బెంచీలు మార్చేవారు. పేర్లు కూడా మిగలని తొలినాటి కవులు మొదటి బెంచీలో, యాత్రికుల కథలు కట్టినాయన వాళ్ల వెనుక, రాణిగారి కాలంలో నాటకాలు రాసినవాళ్లు ఆ వెనుక, అట్లా పోతూ పోతూ యుద్ధంలో పోయిన కుర్ర కవులు చివరి బెంచీలో. మా కామర్స్ వాళ్లు దాన్ని దయ్యాల క్లాసు అనేవారు. నిజం చెప్పాలంటే మాకూ అట్లాగే ఉండేది. మబ్బు పట్టిన రోజు వెనక్కి తిరిగి చూస్తే వెయ్యేళ్లలో చచ్చినవాళ్లంతా వరసగా కూర్చుని నోట్సు రాసుకుంటున్నట్టుండేది.

పాఠం ఎప్పుడూ చావుతోనే మొదలు. "ఎట్లా పోయావు నాయనా?" అని అడిగేవారు. లేచి, 'నేను' అంటూ చెప్పాలి. 'ఆయన' అంటే ఒప్పుకునేవారు కాదు. కొండల పక్క ఊరిలో అక్కచెల్లెళ్లతో కూర్చుని నవలలు రాసినామె చీటీ వచ్చిన పిల్ల, "నేను దగ్గి దగ్గి పోయిన మేడమ్" అని చెప్పి నిజంగానే దగ్గింది. క్లాసంతా బిగుసుకుపోయింది. మేడమ్ మాత్రం ఆ పిల్లకు మంచినీళ్లిచ్చి, "ఏం మిగిలిపోయిందమ్మా నీకు?" అని మెల్లగా అడిగారు. చావు దగ్గర మొదలుపెడితే ఎవడూ గొప్పలు చెప్పుకోడని ఆవిడ నమ్మకం. పరీక్షలయ్యాక అన్నీ మర్చిపోయాం గానీ ఆ చావులు ఒక్కటీ మర్చిపోలేదు.

నాకొచ్చిన చీటీ సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ కవి ముప్పై నిండకుండానే ఇటలీ పక్క సముద్రంలో గాలివానకు పడవ మునిగి పోయాడు. ఈత రాదు. చీటీ చదవగానే మడిచి గుప్పిట్లో దాచేశాను. నాకు నీళ్ల గండం ఉందని అయ్యగారు జాతకం చూసి చెప్పినప్పటి నుంచి మా అమ్మ నన్ను బావి గడ్డ కూడా ఎక్కనిచ్చేది కాదు. డిగ్రీ చదివేవాడికి ఈ పిచ్చేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. గండం మీకు చెప్పలేదు కదా.

పక్కన నా దోస్తు కూర్చున్నాడు. ఒకే ఊరు మాది, ఒకే సైకిలు మీద కాలేజీకి వచ్చేవాళ్లం. కళ్లు పోయాక కూతుళ్ల చేత కావ్యం రాయించుకున్న కవి వాడికి వచ్చాడు. నా మొహం చూసి చీటీ గుంజుకున్నాడు.

"గిదా నీ ఫికర్? నాకియ్యి. గాయనకు ఈత రాకపాయె, నాకొస్తది. బరాబరైతది."

మేడమ్ అటు తిరిగి ఉన్నారు. మార్చుకున్నాం. వారం తిరక్కుండా నాకు కండ్లకలక వచ్చి, కళ్లు ఎర్రగా వాచి తెరవడానికి రాలేదు. వాడు పడి పడి నవ్వాడు. "సూసినవా, చీటీ పనిజేస్తున్నది!" నేను కూడా నవ్వాను.

శ్రావణంలో వానలు దంచికొట్టి పెద్ద చెరువు నిండింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఈతకు పోదామన్నాడు. నేను కట్ట మీద వాడి బట్టలు పట్టుకుని కూర్చున్నాను. వాడు ఎప్పట్లాగే దూకాడు, ఎప్పట్లాగే చాలా దూరం పోయాడు. అక్కడ చేపల వల ఉందని మాకు తెలియదు. కాళ్లకు చుట్టుకుంది. నేను కట్ట పొడుగునా అరుస్తూ ఉరికాను కానీ నీళ్లలో కాలు పెట్టలేదు. చేపలు పట్టేవాళ్లు వచ్చి తీసేసరికి అయిపోయింది. మా ఊళ్లో వాడంత ఈతగాడు లేడు.

ఆ తర్వాత క్లాసుకు మేడమ్ డబ్బా పట్టుకుని వచ్చారు. అందరి దగ్గరా చీటీలు వెనక్కి తీసుకున్నారు. ఎవరి మొహమూ చూడలేదు. బెంచీలు మామూలుగా జరిపించి, "ఇకనుంచి పుట్టుకతో మొదలుపెడదాం" అన్నారు. రిటైరయ్యేదాకా మళ్లీ చీటీల మాట ఎత్తలేదు. కుర్రవాణ్ని తన చీటీ మింగిందని ఆవిడ అనుకుంటున్నారని నాకు అర్థమైంది. అది నా చీటీ అని ఒక్క మాట చెబితే ఆవిడ బరువు దిగిపోయేది. చెప్పలేదు. ఇరవై ఏళ్లు చెప్పలేదు. దోస్తు వాళ్లమ్మ ఎదురైతే సందు మార్చి పోయేవాణ్ని. పిరికితనం అనండి, ఇంకేమైనా అనండి, పడతాను.

ఈ ఎండాకాలం మేడమ్‌కు బాగాలేదని తెలిసి బడంగ్‌పేట్ వెళ్లాను. సన్నబడ్డారు. చూపు మాత్రం అదే. టీ కప్పు చేతిలో పెట్టుకునే అంతా కక్కేశాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"ఏ చీటీ నాయనా?"

"మునిగిపోయిన కవిది, మేడమ్."

"ఆయన్ని నేనెప్పుడూ డబ్బాలో వెయ్యలేదే! ఒక్క ఏడాది కూడా వెయ్యలేదు. నీళ్లలో పోయినవాళ్లని పిల్లల చేతికివ్వకూడదని మా అమ్మ అనేది."

"నేను చదివిన మేడమ్. మీ చేతిరాతే."

ఆవిడ నా కళ్లలోకి చూశారు. "నేను రాయలేదు. మరి ఎవరు రాశారంటావు?" అన్నారు. ఆ తర్వాత, "టీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు.

ఎట్లా ఇల్లు చేరానో తెలియదు. బొంగులూరు దాటాక బండి పక్కన ఆపి అరగంట నిలబడ్డాను. ఎండ మాడుస్తుంటే నాకు చలి. ఆ తర్వాత మడత పెట్టిన కాగితం ఏది తెరవాలన్నా వేళ్లు ఆగేవి, పిల్లల సెలవు చీటీ అయినా సరే. కానీ ఒక వింత జరిగింది. ఇరవై ఏళ్లుగా గుండెల మీద కూర్చున్నది లేచి పోయింది. ఎవరు రాశారో తెలియని చీటీకి నేనేం చేస్తాను? భయపడతాను, అంతే. తప్పు మోయడం కన్నా భయం మోయడం తేలిక. రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది.

దహనం రోజు మేడమ్ కూతురు నన్ను పక్కకు పిలిచింది. "అమ్మ ఏటా పెత్రమాసకి మీ ఊరు వెళ్లేది. అక్కడొకావిడ ఎదురుచూస్తుందట. ఈసారి మిమ్మల్ని వెళ్లమంది" అన్నది. పెత్రమాస అంటే పోయినవాళ్ల పేరిట వండిపెట్టే అమావాస్య. మా ఊళ్లో మేడమ్ కోసం ఎదురుచూసే మనిషి ఎవరో అడగనక్కర్లేకపోయింది.

ఆదివారమే పెత్రమాస. దోస్తు ఇంటి గేటు తీసి లోపలికి వెళ్లాను. వాళ్లమ్మ, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది.

"ఎవలు?"

"నేను, పెద్దమ్మా."

ఎగాదిగా చూసింది. "ఇరువై ఏండ్లకు దొరికిందా మా ఇంటి తొవ్వ?"

మేడమ్ పోయారని చెప్పాను. మంగళవారం పొద్దున్న అన్నాను. ఆమె ఏడవలేదు.

"గందుకేనా? మంగళారం పొద్దుగాల గేటు కొట్టిన సప్పుడైంది. రెండుసార్లు కొట్టి ఆగింది. కుక్క మొరగలే. పోయి సూస్తే ఎవలు లేరు."

నేను గేటు వైపు తిరిగి చూశాను. పెద్దమ్మ మాత్రం పాలవాడు వచ్చిపోయాడన్నంత మామూలుగా చెప్పింది. లోపలికి పోయి విస్తరి తెచ్చి, వంకాయ కూర, గారెలు పెట్టింది. తినమంది. నేను తింటుంటే మాట్లాడింది.

"ఏడాదికొక్కల కత చెప్పేది మీ మేడమ్. మస్తుగ చెప్పేది. పేర్లు లేనోళ్ల కాడ షురువు జేసింది. తర్వాత మొక్కులకు పోయేటోళ్ల కతలు రాసినాయన. నాటకాలాయన. గుడ్డాయన, పాపం, బిడ్డలతోటి రాయించిండట. దగ్గుతోటి పోయిన పిల్ల. లడాయిల సచ్చిన పోరగాండ్లు. అందరు నాకెర్కే."

వెయ్యేళ్ల ఇంగ్లీషు సాహిత్యం సంతకం కూడా రాని పెద్దమ్మ నోట అట్లా వరసగా వస్తుంటే నా చేయి విస్తరిలోనే ఆగిపోయింది. మా కాలేజీలో ఒక్క పిల్లవాడికి ఆ వరస రాదు.

ఇక ఆగలేకపోయాను. "పెద్దమ్మా, వాడు తీసుకున్న చీటీ నాది" అన్నాను.

"ఎర్కే."

"ఎట్ల?"

"గదే దినం ఇంటికొచ్చి చెప్పిండు. మునిగి సచ్చినోని చీటీ తెచ్చుకున్న, వానికి నీళ్ల గండమట, భయపడుతున్నడు అని నవ్విండు. వీపు మీద ఒక్కటేసిన."

"మరి మేడమ్‌కు?"

"మొదటి ఏడే చెప్పిన. చీటీ రాసింది నేనమ్మా, నన్ను తిట్టు అని ఆమె నా చేతులు పట్టుకొని ఏడ్సింది. గప్పుడు చెప్పిన ఈ సంగతి. వానికి తెలువనియ్యకు, ఇంకింత మోస్తడు అన్నది."

చీటీ ఆవిడే రాశారు. ఇరవై ఏళ్లుగా అంతా తెలుసు. నా మొహం చూసి, చావు మంచం మీద ఉండి కూడా అంత అబద్ధం ఆడి, నా తప్పు తీసుకుని ఒక దయ్యాన్ని చేతిలో పెట్టి పంపించారు. నాకు ఏడుపు ఆగలేదు. "నన్నెందుకు తిట్టలే పెద్దమ్మా?" అని అడిగాను.

"తిట్టిన. మస్తు తిట్టిన. ఇనేతందుకు నువ్వు రాకపోతివి."

నేను కళ్లు తుడుచుకునేదాకా ఊరుకుంది. చేయి కడిగి వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. "ఒక్కాయన కత మిగిలింది" అంది పెద్దమ్మ. "గాయన్ను దాటుకొని పోయింది. నా కొడుకు గా చీటీతోటి ఎవలైండో జెప్పు అని ఏడాది కింద అడిగితే, వచ్చే పెత్రమాసకు చెప్తా అన్నది. ఇగ నువ్వే చెప్పాలె."

మేడమ్ నన్నెందుకు పంపారో అప్పుడు తెలిసింది. చెప్పాను. చావుతోనే మొదలుపెట్టాను, ఇంకోరకంగా నాకు రాదు. పడవ, గాలివాన, పది దినాలకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శరీరం, గుర్తుపట్టిన స్నేహితులు. వాడికంటే కొన్నేళ్లే పెద్దవాడని చెప్పాను. ఆమె చెరువు వైపు చూస్తూ విన్నది. చివరకు ఒక్కటే అడిగింది.

"గాయన అమ్మ అప్పటికి బతికున్నదా?"

ఇన్నేళ్ల చదువులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఫోన్ తీసి వెతికాను.

"ఉన్నది పెద్దమ్మా. కొడుకు పోయినంక ఇరవై ఏళ్లు దాటి బతికింది."

"ఇరువై ఏండ్లా!" అంది. "గామెకెవలు చెప్పిన్రు?"

ఫోన్‌లో అది లేదు. లేదని చెప్పాను. పెద్దమ్మ తల ఊపింది. ఆవలి పక్కకు తిరిగి, అరుగు మీద కొంచెం ఇటు జరిగి, ఖాళీ అయిన చోట కొంగుతో దుమ్ము దులిపింది. "కూసో, తల్లీ. నీకు గూడ ఇరువై ఏండ్లాయె" అన్నది. అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం.