దావీదు మిద్దె మీద నల్ల ట్యాంకు

ఆ రోజుల్లో మా వీధికి మంచయినా చెడయినా ముందు పూలత్త బుట్టలోనే వచ్చేది. మూర మల్లెలు కొలిచేలోగా మూడిళ్ల సంగతులు చెప్పేసేది. పిన్ని కబురు కూడా ఆవిడే తెచ్చింది. "ఓలమ్మా, ఇన్నావేటే? మీ పిన్నిని సండే స్కూలుకి రావద్దంతన్నారట. ఆవిడ బత్షెబ అయిపోనాదట!" (పూలత్త అమ్మవారి భక్తురాలు. బత్షెబ అంటే ఏదో జబ్బనుకుంది పాపం. అంటుకుంటుందేమోనని ఆ మాట అంటూనే మా గుమ్మం దిగి దూరంగా నిలబడింది.)

పిన్ని అంటే అమ్మ చెల్లెలు కాదు, పక్కింటావిడ, మా మందిరంలో సండే స్కూలు టీచరు. చిన్నప్పుడు కాళ్లు సరిగా రాక నేను బడికి వెళ్లలేదు. బైబిలు పేజీల మీద నా వేలు పట్టి నడిపించి అక్షరాలు నేర్పింది ఆవిడే. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చలవే, దేవునికి స్తోత్రం. పరవాడ మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టు చేసి, మూడింటికి ఒంటినిండా మందు వాసనతో వచ్చి, పెరట్లో తడికల చాటున స్నానం చేసి, తడి జుట్టుతోనే నా పక్కన కూర్చునేది. ఆ తడికల వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, వెనక వీధిలో మా సంఘపెద్ద మేడ కట్టుకునేదాకా. మేడెక్కితే పిన్ని పెరడు కనిపిస్తుందని కనిపెట్టిందీ ఆయనే, ఆవిడ వల్ల తన మనసు చెదురుతోందని పాస్టరయ్యగారికి ఫిర్యాదు చేసిందీ ఆయనే.

ఆ ఆదివారం అయ్యగారు బత్షెబ మీద, అంటే స్నానం చేస్తుంటే దావీదు రాజు మిద్దె మీంచి చూసి మోహించిన ఊరియా భార్య మీద, గంటన్నర చెప్పారు. ఆవిడ జాగ్రత్తగా ఉండి ఉంటే అంతటి దావీదు రాజు పడిపోయేవాడే కాదన్నారు. సోమవారానికల్లా మా వీధి ఆడవాళ్లు తడికల మీద గోనెపట్టాలు, పాత దుప్పట్లు కట్టేశారు. మా అమ్మ ఎన్నికల ఫ్లెక్సీ కట్టింది. (చేతులు జోడించిన నాయకుడి బొమ్మ లోపలి వైపుకి వచ్చింది. అమ్మ మూడు రోజులు స్నానం మానేసింది.) సంఘపెద్దని మాత్రం మేడెక్కొద్దని ఎవరూ అనలేదు. సండే స్కూలు పిల్లల వార్షికోత్సవం దాకా పిన్నిని ఉండనిచ్చి, అది సవ్యంగా జరిగితే అప్పుడు ఆలోచిద్దామన్నారు పెద్దలు. కడుపు పండని పిన్నికి ఆ ముప్పై మంది పిల్లలే లోకం.

"పిన్నీ, బత్షెబ అంత సెడ్డదా?" అనడిగాను.

"అచ్చరాలెందుకు నేర్పేనే గుంటా? నువ్వే సదువుకో."

చదివాను. మిద్దె మీద తిరిగింది రాజు. ఆవిడ ఎక్కడ స్నానం చేస్తోందో రాసి లేదు. మనుషుల్ని పంపి రప్పించుకున్నది రాజు. ప్రవక్త వచ్చి గద్దించింది కూడా రాజునే. ఆవిడని ఒక్క మాట అన్నట్టు లేదు. వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి వెతికాను, లేదు. పదిహేనేళ్ల వయసు కదా, ఒళ్లు మండింది. పిన్నికి తెలియకుండా వార్షికోత్సవానికి ఒక చార్టు గీశాను. తడిక పైన తల మాత్రం కనిపించే ఆవిడ, మిద్దె మీద రాజు. నేను చూసిన మేడ ఒక్కటే కాబట్టి యెరూషలేము రాజుగారికి చిలకపచ్చ పిట్టగోడ, నల్ల నీళ్ల ట్యాంకు, భుజాన ఎర్ర తువ్వాలు, గుబురు మీసం వచ్చేశాయి. (ఒట్టు వేయకూడదు గానీ, కావాలని కాదు. కిరీటం పెట్టాను కదా, తేడా తెలుస్తుందనుకున్నాను.)

చార్టు విప్పగానే ముందు వరసలో ఓ పిల్ల అరిచింది: "ఓలబ్బో, పెద్దాయన మేడ్రా!" మందిరం గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయన భార్యే. "ఏటండీ, కిరీటం ఎప్పుడు కొన్నారు? నాకు సెప్పనేదే!"

ఆయన నవ్వలేదు. "ఎవులే నిన్ను గీయమన్నది?" అంటూ నా మీదికి వంగాడు. పిన్ని వైపు చూశాను. చూశానంతే, ఆ చూపే సాక్ష్యమైపోయింది. (మేడ మీది చూపుకి శిక్ష లేదు, నా చూపుకీ లేదు. రెండింటికీ కలిపి పిన్నికే పడింది.) ఆవిడ లేచి, "నానే గీయమన్నాను. గుంటనేటీ అనకండి," అంది. ఆ సాయంత్రమే ఆవిడ చేతిలోంచి హాజరు పుస్తకం, సుద్దముక్కల డబ్బా తీసేసుకున్నారు. నెల తిరక్కుండా పిన్ని ఎలమంచిలిలో అన్నగారింటికి వెళ్లిపోయింది. దువ్వాడ స్టేషన్లో నేను వెక్కిళ్లు పెడుతుంటే, "ఊరుకోయే. బాగానే గీసినావు. ట్యాంకుకి మూతెయ్యడం మర్సిపోనావు, అంతే," అంది. తప్పు నాదని మందిరంలో చెబుతానని అప్పుడైనా అనలేకపోయాను. రైలు కదిలిపోయింది.

మొన్న ఆదివారం కొత్త అయ్యగారు మైకులో మళ్లీ అదే ప్రసంగం చేశారు. యేసు శిష్యురాలు మగ్దలేనే మరియకు కూడా ఎక్కడా రాయని వ్యభిచార పాపమొకటి అంటగట్టారు. నేను ముందు చాప మీదే ఉన్నాను, వేలు వచనం మీదే ఉంది, నోరు మాత్రం లేవలేదు. అలవాటుకొద్దీ ఆమెన్ కూడా అనేశాను. ఇది మారుతుందన్న ఆశ నాలో ఇప్పుడు లేదు. అయినా ఆ అధ్యాయం తెరిచినప్పుడల్లా దావీదు పక్కన మూతలేని నల్ల ట్యాంకు కనిపించి, దాన్ని గీసిన పిల్లని చూసి నాకు నవ్వొస్తుంది. గీసేంతవరకూ ఎంత ధైర్యం దానికి!

యేసుప్రభువు వంశావళిలో బత్షెబ పేరు లేదు, ఊరియా భార్య అని మాత్రమే ఉంది. వీధి నోటికి భయపడి నేనూ పిన్ని పేరు రాయలేదు చూడండి. పేరు దేవునికి తెలుసు. మీరు ప్రార్థనకి కూర్చున్నప్పుడు, తడి జుట్టుతో పక్కన కూర్చుని ఒక కుంటిపిల్లకి అక్షరాలు నేర్పిన మా పిన్నిని ఒక్కసారి తలచుకోండి.