వెండి మొలతాడు వేసుకోని మనిషి

కాస్త ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే మానక్కర్లేదు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే వినండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీ ఇంట్లో జరగకూడదని.

మాది బరంపురం పెద్ద బజారు. తాతల నాటి నుంచి పప్పుల టోకు వ్యాపారం. మా ఆయన నా సొంత మేనమామ కొడుకు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బావా అనే పిలిచాను, ముప్పై ఏళ్లు కాపురం చేశాక కూడా అదే పిలుపు. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది లలితను ఛత్రపురంలో ఇచ్చాం. చిన్నవాడు శేఖర్ తండ్రితో పాటు కొట్లో కూర్చుంటాడు.

మా మేనమామ ఇంట ఒక వెండి మొలతాడు ఉంది. అది పెద్దకొడుకు నడుముకే. తండ్రి పోయినప్పుడు పాడె మీద తీసి, పసుపునీళ్లతో కడిగి, పన్నెండో రోజున కొడుక్కి కడతారు. నడుము పెరిగి మొలతాడు బిగుతైతే కంసాలి దగ్గరకు వెళ్లి, నడుము మీద ఉండగానే లంకెలు వేయిస్తారు. పాత వెండి నల్లబడి ఉంటుంది, కొత్తది తెల్లగా మెరుస్తుంది. ఏ లంకె ఎవరి కాలంలో పడిందో నాకు చూపు ఆనితే చాలు. తాతగారివి ఐదు, మామయ్యవి ఏడు. లంకె వేయించిన రోజున మా అత్త పాయసం వండేది. లక్ష్మి మా మగాళ్ల నడుముకొచ్చి కూర్చుందని ఆవిడ సంబరం.

నేను చెప్పబోయే రోజు కూడా నాలుగు లంకెలు వేయించుకునే వస్తున్నాం. బావకు అప్పుడు యాభై రెండు. వానలు అప్పుడే మొదలయ్యాయి, సందులో బురద. ఇంకా ఇరవై అడుగులు వేస్తే మా గుమ్మం. బావ ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు.

"ఏటి బావా, కూకుండిపోయావు?" అన్నాను.

"ఏటీ నేదే. గాసు. పొద్దున గారెలు రెండెక్కువ తిన్నాను."

"గాసయితే ఈ సెమటేటి?"

"నువ్వు డాక్టరువేటే? సోడా తెప్పించు."

సోడా తాగాడు, గట్టిగా త్రేన్చాడు, లేచి నడిచాడు. ఆ త్రేన్పే మమ్మల్ని మోసం చేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పాయసం తిన్నాం.

మూడో రోజు పదకొండు గంటలకు కొట్లో బస్తాల వెనక నిచ్చెన ఎక్కబోయి ఆగిపోయాడు. ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నాడు. ముఖం బూడిద రంగులోకి తిరిగింది. శేఖర్ ఇక సోడా జోలికి పోలేదు, ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ తీశారు. ట్రోపోనిన్ పరీక్ష అని రక్తం తీసుకున్నారు. డ్యూటీ డాక్టర్ కుర్రవాడు, "హార్ట్ ఎటాక్. షుగర్ ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగాడు.

"మాకు షుగర్ నేదండి," అన్నాను.

"ఉంది. మీకు తెలీదు, అంతే."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

యాంజియోగ్రామ్ చేయాలన్నారు. నర్సమ్మ వచ్చి ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంది. ఉంగరం ఇచ్చాడు, జంధ్యానికి కట్టుకున్న తాళంచెవి ఇచ్చాడు. మొలతాడు దగ్గర మొండికేశాడు. "అది బతికున్నోడికి తియ్యరమ్మా," అన్నాడు. "మా తాతకి పాడె మీద తీసారు, మా నాన్నకీ అంతే."

కొత్త లంకెలు వేసినప్పుడు కంసాలి కొక్కేన్ని కూడా గట్టిగా నొక్కి మూసేశాడు, ఊడిరాలేదు. శేఖర్ ఎక్కడి నుంచో కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. వాడి చేతిలోంచి నేను అందుకున్నాను. మామయ్య పోయినప్పుడు ఆ మొలతాడు తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు నా వేళ్లకు తగిలిన నడుము చల్లగా ఉంది. ఇప్పుడిది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మీద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో కత్తిరించాను.

"సచ్చిపోయానేటే నేను, తీసేస్తన్నావు?" అన్నాడు బావ.

"సచ్చినోడు ఇన్ని మాటలాడతాడేటి? నోరు మూసుకుని పడుకో బావా."

రెండు స్టెంట్లు వేశారు. గండం గడిచిందనుకుంటే నాలుగో రోజున ఊపిరి అందలేదు. లంగ్స్‌లో నీరు చేరిందని మళ్లీ సీసీయూలోకి తోశారు. గుండె పంపింగ్ తగ్గిందన్నారు. ఆరు రోజులు అద్దం అవతల నుంచి చూశాను. మొలతాడు తీసినందుకే ఇలా అయిందని మా అత్త ఇంటి దగ్గర కూర్చుని ఏడ్చింది. నాకూ ఆ భయం కలగలేదని చెప్పను.

తేరుకున్నాక గుండె డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచింది. ఒడియా ఆవిడే, తెలుగు బాగా వచ్చు. నన్ను మావుసీ అని పిలిచేది, వాళ్ల భాషలో పిన్ని అని. "మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా గుండె జబ్బుందా?" అని అడిగింది.

నాకు చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ మనుషుల సంగతులు మరిచిపోను. సంచిలోంచి మొలతాడు తీసి బల్ల మీద పెట్టాను. ఈ నల్ల లంకెలు ముత్తాతవి, అరవై మూడో ఏట బస్తా దించుతూ పడిపోయాడు. ఈ ఐదూ తాతగారివి, యాభై ఎనిమిదో ఏట పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ పోయాడు. ఈ ఏడూ మామయ్యవి, యాభై నాలుగో ఏట. తుఫానుకు గోదాము రేకు లేచిపోతే ఆ అదురుతో పోయాడని మేమంతా అనుకున్నాం. ఇవిగో, ఈ తెల్లవి నాలుగూ బావవి.

ఆవిడ ఒక్కో లంకె మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"మావుసీ, నేను టేపు పెట్టి నడుము కొలుస్తాను. మీరు నాలుగు తరాలుగా కొలిచి దాచారు," అంది. "పొట్ట, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు, ఇవన్నీ కలిసి వస్తే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. ఒక జీన్ చేసే పని కాదిది. చాలా జీన్స్ తలో చెయ్యి వేస్తాయి. ఒక్కొక్కటీ చిన్నదే. మీ ఇంట్లో అన్నీ ఒకచోట చేరాయి. కొట్లో కూర్చోవడం, రోజూ తినే అప్పడాల ఉప్పు, నూనె దానికి తోడయ్యాయి."

కాగితం మీద గీతలు గీసి ఒక్కొక్కరి పేరు రాసింది. నేను బావకు మేనత్త కూతురినని చెప్పాను.

"మాలో మేనమామ కొడుకంటే అన్నే," అని నవ్వింది. "అయితే ఆ రక్తం మీలోనూ ఉంది. మీ అమ్మగారు?"

"మా అమ్మకి ఏ జబ్బూ నేదండి. నిద్రలో పోయింది."

ఆవిడ అమ్మ పేరు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టింది. "పిల్లలిద్దరికీ టెస్టులు చేయించండి. ఇద్దరికీ," అని రెండుసార్లు అంది.

నేను శేఖర్‌ను ఒక్కడినే తీసుకెళ్లాను. ఇక్కడే నా తప్పు ఉంది, వినండి.

మొలతాడు కొడుక్కి పోతుంది కాబట్టి జబ్బూ కొడుక్కే పోతుందని నా బుర్రలో పాతుకుపోయింది. శేఖర్‌కు అప్పటికే చిన్న బొజ్జ. పరగడుపు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. వాడి వెంట పడ్డాను. పొద్దున్నే లేపి నడిపించాను, అప్పడాల డబ్బా అటక ఎక్కించాను. వాడు పొడంపేటలో స్నేహితుల ఇంటికెళ్లి వేయించిన రొయ్యలు తిని వస్తే చొక్కా వాసన చూసి పట్టుకున్నాను. లలిత అయితే గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. పైగా పిల్లకు గుండె పరీక్షలంటే అత్తవారు ఏమనుకుంటారో అని కూడా వెనకాడాను.

ఏడాది తిరగలేదు. ఒక మధ్యాహ్నం లలిత ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక పన్ను నొప్పంది.

"డాక్టరికి సూపించుకోలేదేటే?"

"మూడుసార్లు ఎల్లానమ్మా. పన్ను బాగానే ఉందంటన్నాడు."

"ఎప్పుడు నొస్తంది?"

"పాపని బడికి దింపడానికి నడుస్తంటే దవడంతా లాగుతంది. బడి గేటు కాడ నిలబడితే తగ్గిపోద్ది."

నా చేతిలో చాట ఉంది. దాన్ని కింద పెట్టాను.

మా అమ్మ కళ్లకు కట్టింది. వీధి కుళాయి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి, గుమ్మంలో దించి, చెంప పట్టుకుని నిలబడేది. పన్ను సలుపుతోందని దవడలో లవంగం పెట్టుకునేది. కాసేపటికి తగ్గిందని మళ్లీ బిందె ఎత్తేది. పది పదిహేను రోజులు అలా గడిచాయి. ఒక రోజు తెల్లారి లేవలేదు. అప్పటికి ఆవిడకు నలభై నాలుగేళ్లు, ఆ ఇంటి ఆడపిల్ల, మామయ్యకు సొంత చెల్లెలు. ఎవరు ఏ తిథిన పోయారో, ఏ లంకె ఎవరిదో డాక్టరమ్మకు గడగడా అప్పజెప్పిన నేను నన్ను కన్నదాన్ని వదిలేశాను. ఆవిడ నడుముకు మొలతాడు లేదు మరి.

నడిస్తే వచ్చి నిలబడితే పోయేది పన్ను నొప్పి ఎలా అవుతుంది?

"లలితా, ఉన్నచోటే కూకో. ఒక్క అడుగు ఎయ్యకు. ఫోను మీ అత్తకియ్యి."

"పొయ్యి మీద కూరుందే."

"మాడనీ."

వియ్యపురాలు ఫోన్ అందుకుంది. "ఏటి వదినా, పన్ను నొప్పికి గుండె డాక్టరా? రేపు తలనొప్పికి మోకాళ్లు కోయించమంటారేటి?"

"నవ్వుకో వదినా, నేనేమీ అనుకోను. ముందు బండి పిలిపించి, తరవాత నవ్వుకో."

పిలిపించింది. ఆ పుణ్యం ఆవిడదే.

మా పెద్దాసుపత్రికే తెచ్చారు, నేను అక్కడ ఎదురుచూస్తున్నాను. మొదటి ఈసీజీ బాగానే ఉంది. వియ్యపురాలు నా వైపు చూసింది. ట్రెడ్‌మిల్ ఎక్కించిన కాసేపటికే, దవడ పట్టుకుంది నా కూతురు. వెంటనే మెషిన్ ఆపేశారు. యాంజియోగ్రామ్‌లో ఎల్ఏడీ అనే పెద్ద రక్తనాళం తొంభై శాతం మూసుకుపోయి ఉంది. అప్పటికి దానికి ఇరవై తొమ్మిదేళ్లు. స్టెంట్ వేసేవరకూ నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎదుటి గోడ మీద ఎన్ని పగుళ్లున్నాయో ఇప్పుడు అడిగినా చెబుతాను.

డాక్టరమ్మ మా ముగ్గురికీ రక్తం తీయించింది. రక్తంలో లైపోప్రొటీన్ లిటిల్ ఏ అనే కొవ్వు ఒకటుందట, అది ఎక్కువైతే రక్తనాళాలు మూసుకుపోతాయట. బావకు ఎక్కువ, నాకు ఎక్కువ, లలితకు మా ఇద్దరికంటే ఎక్కువ. "ఇది పొట్ట చూసి రాదు మావుసీ. పుట్టుకతో వస్తుంది. మీ అమ్మాయికి రెండు వైపుల నుంచీ వచ్చినట్టుంది," అంది.

ఆ పాత కాగితం ఇంకా ఫైలులో ఉంది. "ఆ ప్రశ్న గుర్తు కొట్టేయండమ్మా," అన్నాను. అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ ప్రశ్న గుర్తు కొట్టేసి, నలభై నాలుగు అని రాసింది.

ఇప్పుడు లలిత మందులు వేసుకుంటూ పాపను బడికి తనే నడిపించుకెళ్తోంది. బావ కొట్లో కుర్చీ తీయించేసి నిలబడే తూకం చూస్తాడు. అప్పడం మీద బెంగ మాత్రం తీరలేదు, ఎదురింట్లో వేయిస్తుంటే కిటికీ దగ్గర నిలబడతాడు. నేనూ రోజూ కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర ఒకటి మింగుతున్నాను. శేఖర్ తన వంతొచ్చినా మొలతాడు వద్దన్నాడు. అది బీరువాలో తెగినట్టే ఉంది. దాన్ని కరిగించి లలిత కూతురికి పట్టీలు చేయిద్దామంది మా అత్త. నేను బీరువాకు తాళం వేశాను.

పాపకు ఆరేళ్లు. పదేళ్ల లోపే ఒకసారి రక్తం చూడాలంది డాక్టరమ్మ. ఆ కాగితం మీద లలిత పేరు కింద ఒక గీత దిగి ఉంది, దాని చివర ఇంకా ఏమీ రాయలేదు. మొన్న ఆదివారం పాప చెంప పట్టుకుని నా దగ్గరకొచ్చింది. నడుస్తుంటే నొప్పా అని అడిగాను. నోరు తెరిపించి చూస్తే పాలపన్ను కదులుతోంది. అది నవ్వింది. నేనూ నవ్వాను, కానీ చాలాసేపు దాని చెయ్యి వదల్లేదు.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు మీ ఇంట్లో ఎవరికుందని అడిగితే తండ్రి వైపూ తల్లి వైపూ చెప్పండి, ఆడవాళ్లను కూడా చెప్పండి. ఏ వయసులో పోయారో, పోయే ముందు ఎక్కడ నొప్పన్నారో ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నిద్రలో పోయిందని మాత్రం రాసి ఊరుకోకండి.

ఇంతసేపూ నా దగ్గర కూర్చున్నారు. మీ ఇంట అమ్మమ్మలు మనవరాళ్ల పాలపళ్లు ఊడటం చూడాలి, గట్టిపళ్లు రావడం చూడాలి, ఆ మనవరాళ్ల తల నెరిసేదాకా మీ ఇల్లు చల్లగా ఉండాలి.