శాంపిల్ ఫ్లాట్‌లో పట్టని అనంతం

ఆ వయసులో నాకు అనంతం అంటే భయం లేదు గానీ, మా నాయన అంటే ఉండేది. గచ్చిబౌలిలో యూనివర్సిటీకి పోతూ, ఎవరూ చూడని మహా పెద్ద సంఖ్యల మీద పిహెచ్‌డి చేస్తున్నానని చెప్పుకుని మురిసిపోయేదాన్ని. (ఇప్పుడూ చెప్పుకుంటాను. మురిసిపోవడమే తగ్గింది.) ఆ సంఖ్యలంటే అనంతాలే; అనంతాల్లోనూ చిన్నవీ పెద్దవీ ఉంటాయి. వాటిలో మరీ పెద్దవి ఉన్నాయని గణితంలోని మామూలు నియమాలతో నిరూపించలేం. ఉన్నాయనుకుని, ఆపైన ఏం జరుగుతుందో చూడటమే మా పని. కడప నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టి అమ్ముతున్న నాయనకు ఇది చెబితే, "ఉందో ల్యాదో తెలీని దానికి ఇన్నేండ్లు సదువా?" అన్నాడు.

అప్పుడే నా ఖర్మ కాలి హైటెక్ సిటీలో ఒక కంపెనీ నాకు ఉద్యోగం ఇచ్చింది. (సరదాకి ఇంటర్వ్యూకి వెళ్లాను. అలాంటి సరదాలు ఇంట్లో చెప్పకూడదు.) నాయన పందెం పెట్టాడు. "ఈ ఆదివారం మన శాంపిల్ ఫ్లాట్ కాడ కూచ్చో. ఒక్క ఫ్లాట్ అమ్మినావంటే నీ సదువు నీ ఇష్టం. అమ్మలేదా, సోమవారం పొయి ఉద్యోగంలో చేరు."

శాంపిల్ ఫ్లాట్ అంటే తెలిసిందే. టవర్ లేవకముందే సైటులో ఒక్క ఫ్లాట్ మాత్రం పరదాలతో సహా ముస్తాబు చేసి, మిగతావన్నీ ఇలాగే ఉంటాయని చూపించడం. నాకు ప్రాణం లేచొచ్చింది. మా శాస్త్రంలోనూ అదే పద్ధతి. మొత్తం గణిత విశ్వం చేతికందదు కాబట్టి, దాని లోపలే నియమాలన్నీ పాటించే పొందికైన చిన్న విశ్వాన్ని కట్టుకుని చూస్తాం. ఇక అమ్మేసినట్టే అనుకున్నాను.

మధ్యాహ్నం నిజాంపేట నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమె మంచం మీద కూర్చుని, "గీ రూంల మా డబల్ కాట్ పడ్తదా?" అంది. పట్టదన్నాను. గది పెద్దగా కనిపించాలని శాంపిల్ ఫ్లాట్‌లో మంచం పొట్టిగా చేయించి వేస్తారు. (అది కూడా చెప్పాను.) "మా రంగంలోనూ ఇదే తంటా అండి. లోపల కట్టే విశ్వం మరీ చిన్నదైతే పెద్దవి అందులో పట్టవు. పట్టేలా కట్టడానికే కిందామీదా పడుతున్నాం" అని ఓదార్చాను. ఆయన మొహం చిట్లించి, "స్విమ్మింగ్ పూల్ అయితే ఉంటది గదా మేడం?" అన్నాడు. దానికి ఇంకా పర్మిషన్ రాలేదు. "ఉంటుందని చెప్పలేను, ఉండదనీ చెప్పలేను. ఉంటుందనుకుంటే మాత్రం దానివల్ల చాలా మంచి ఫలితాలు వస్తాయి" అన్నాను, నిండు మనసుతో.

"ఇగ పోదం పా" అంది ఆమె, చెప్పులు వెతుక్కుంటూ.

నాయన ఆ ఫ్లాట్ వంటింట్లోనే నిలబడి అంతా విన్నాడు. ఆ సంఖ్యలతో నాకు రుణం తీరిపోయిందని నేను ఏడుపు ఆపుకుంటున్నాను. ఆయన వచ్చి ఆ పొట్టి మంచం మీద కూలబడి, "మా బ్రోచర్లో ఆ 'అనుకుంటే' అనే మాట అడుగున, కండ్లద్దాలు పెట్టుకున్నా కనపడనంత సన్నగా ఏస్తాం. నువ్వు నోరు తెరిస్తే ముందు అదే వస్తాది. నిన్ను ఆ కంపెనీలో చేరిస్తే పాపం వాళ్లు ఏం కావల్ల? పో, సదువుకో పో" అన్నాడు.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. టవర్ లేచింది, స్విమ్మింగ్ పూల్ కూడా వచ్చింది. నా పెద్ద సంఖ్యలే ఇంకా 'అనుకుంటే' దగ్గర ఉన్నాయి. ఆ రోజు అంత ధీమాగా మంచం పొట్టిదని చెప్పేసిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఇంటికి వెళ్లినప్పుడల్లా నాయన అడుగుతాడు, "ఏం పాపా, పర్మిషన్ వచ్చిందా?" అని.

"ఇంకా రాలేదు నాయనా."

"రానీలే. మన బుకింగ్ అయితే క్యాన్సిల్ చేసేది ల్యా."