ఎవరి పని తగ్గించమంటారు?

మూడేళ్ల క్రితం, కలకత్తాకు నది అవతలి ఒడ్డున షాలిమార్ గూడ్స్ యార్డుల పక్కనున్న ఒక కార్ఖానాలో లేత్ మిషన్ కొన్నాను. అడిగిన ధరలో ఎనిమిదో వంతు తగ్గించి మరీ కొన్నాను. అక్కడ అంత తగ్గింపు అంతకుముందు ఎవరికీ దక్కలేదట. మిషన్ తర్వాత పాడైంది, అది వేరే సంగతి. బేరం మాత్రం అద్భుతం.

నేను మిషన్ల బ్రోకర్ని. మా నాన్నది వాట్‌గంజ్‌లో పప్పుల కొట్టు, బాబాయిది గుడ్డల కొట్టు. నేను నడక నేర్చిందే కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోతున్నట్టు నటించడానికి. ఆ లేత్ కొన్నది మార్తా పిన్ని కోసం. ఆమె మాకు చుట్టమేమీ కాదు, ఖిదిర్‌పూర్‌లో మా వీధి తెలుగువాళ్లందరికీ పిన్నే. చిన్న వర్క్‌షాపులో ఓడల పంపుల్లో తిరిగే ఇనుప కడ్డీలు, షాఫ్టులు, లేత్ మీద చెక్కిస్తుంది. ఒక కాంట్రాక్టరు నుంచి పెద్ద ఆర్డరొచ్చింది, ఉన్న పాత లేత్ ఒక్కటీ చాలదు.

"ఇది సరిగ్గా సెయ్యకపోతే ఆ కాంట్రాక్టరు మళ్లీ నా గుమ్మం తొక్కడు బాబూ," అంది.

లేత్‌లు తయారుచేసే ఆ షాలిమార్ కార్ఖానాకు యజమాని లేడు. పాతాయన తాళం వేసి వెళ్లిపోతే, పనివాళ్లే సహకార సంఘం పెట్టుకుని నడుపుతున్నారు. యజమాని లేని చోట బేరం ఎవరితో ఆడాలి? ఒకతన్ని పక్కకు పిలిచి చెవిలో ఒక ధర చెప్పాను. టీ వేళకు ఆ ధర అందరి ముందూ వినబడింది. అక్కడ పద్ధతి అదట. ధర ఏదైనా టీ దగ్గర, అందరూ వింటుండగానే.

ఆ ఏడు సంఘానికి కార్యదర్శి తపన్‌దా. "తగ్గిస్తాం దాదా. ఎవరి పని తగ్గించాలో చెప్పండి. అందరూ ఇక్కడే ఉన్నారు," అన్నాడు.

మట్టి కప్పుల మీదుగా అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి. వేలు ఎవరి మీద పెట్టను? చూపు కిటికీలోంచి బయటికి తప్పించాను. గడ్డిలో తుప్పుపట్టిన పొడవాటి ఇనుప దిమ్మలు కనిపించాయి.

"అవేమిటి?"

"బెడ్లు. లేత్‌కు అడుగు దిమ్మలు. మిగతా భాగాలు వాటి మీదే జారుతాయి. పోతపోసిన ఇనుములో బిగువుంటుంది. ఎండకూ వానకూ వదిలేస్తే అది తీరుతుంది. అప్పుడు చెక్కుతాం. సీజనింగ్ అంటాం."

"ఆ పని ఎవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు. ఊరికే పడి ఉంటాయి."

ఊరికే పడి ఉన్న సరుకు! మా ఇళ్లలో అంతకంటే పాడు మాట లేదు. పడి ఉన్నన్నాళ్లూ పెట్టుబడికి వడ్డీ దండగ. "అయితే అదే తగ్గించండి. మొన్న పోసిన బెడ్డే వాడండి. ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు," అన్నాను.

తపన్‌దా తల అడ్డంగా ఊపాడు. ఫిట్టర్ అప్పల్రాజు మాత్రం నా పక్షం చేరాడు. "దుర్గా పూజలు దగ్గరకొచ్చీసినాయి తపన్‌దా. ఈ ఆర్డరు ఒగ్గీసి ఏటి తింతాం?" అని తెలుగులో మొదలెట్టి బెంగాలీలో ముగించాడు. చేతులెత్తారు. నా వైపు నాలుగు ఎక్కువే లేచాయి.

చలికాలంలో పిన్ని ఫోన్ చేసింది. "ఏట్రా నీ మిషను? ఈ కొస లావు, ఆ కొస సన్నం కోత్తంది. సాఫ్టులన్నీ తిప్పి పంపీసినారు!"

తపన్‌దా, అప్పల్రాజు వచ్చి, వంపు కొలిచే డయల్ గేజ్‌ని బెడ్డు మీద పెట్టి జరిపారు. కదలకూడని ముల్లు మెల్లగా నడిచింది. పాత బెడ్లకు గడ్డిలో తీరే బిగువు, ఈ బెడ్డుకు పిన్ని షెడ్డులో తీరింది. ఇనుము వంగింది.

తప్పెవరిదని కొట్టుకుంటారేమో చూద్దామని మర్నాడు టీ వేళకు కార్ఖానాకు వెళ్లాను. మా కొట్లలో అయితే సాయంత్రం దాకా అదే పని. అప్పల్రాజు కప్పు కింద పెట్టి, "సెయ్యెత్తింది నాను. బెడ్డు ఇప్పేదీ నానే," అన్నాడు. జీతం లేకుండా ఆదివారాల్లో చేసే ఆ పనికి తపన్‌దా కూడా పేరిచ్చాడు.

"మీరు వద్దన్నారుగా?" అన్నాను.

"వద్దన్నాను, ఓడిపోయాను. మిషన్ మీద సంఘం పేరుంది కదా దాదా."

గడ్డిలోంచి ముదిరిన బెడ్డు తీసి, చెక్కి, బిగించారు. అప్పటిదాకా పిన్ని పాత లేత్ మీదే నెట్టుకొచ్చింది. ఆర్డర్లో సగం నిలబడింది, సగం వేరేవాళ్లకు పోయింది. కాంట్రాక్టరు మాత్రం మళ్లీ గుమ్మం తొక్కాడు, సణుగుతూ.

ఇక లెక్క. నేను తగ్గించిన ఎనిమిదో వంతును లారీ, క్రేన్ రానూపోనూ తినేశాయి. పోయిన సగం ఆర్డరు పిన్ని నష్టం. ఆదివారాలు సంఘం నష్టం. బిల్లులో మిగిలింది నా కమీషన్ ఒక్కటే.

"కాస్త తగ్గించు బాబూ," అంది పిన్ని.

తపన్‌దా మాటే నా నోట్లోంచి జారింది. "ఎవరి పని తగ్గించమంటావు పిన్నీ?"

ఆమె లేత్ తిప్పుతున్న పనివాడి వైపు చూసింది, కొత్తగా బిగించిన బెడ్డు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నీదే."

బిల్లు, పెన్నూ అందుకున్నాను. కమీషన్ అని ఉన్నచోట సున్నా చుట్టి ఇచ్చాను.