గోపాల్‌పేట పాటపెట్టె బేరం

బేరమాడటం చేతకాక చెడిపోయినవాళ్లను మీరు చూసే ఉంటారు. మరీ బాగా ఆడి చెడిపోయినవాణ్ణి చూడాలంటే ఇదిగో, నన్ను చూడండి. నిలబడకండి, కూర్చోండి, చెప్పీ చెప్పీ నాకే ఆయాసం వస్తోంది. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఈ కథ నాచేత చెప్పించందే విస్తరి ఎత్తడు.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. గద్వాలలో మాది చీరల దుకాణం. కొనేటప్పుడు సరుకును తిట్టాలి, రెండుసార్లు లేచిపోవాలి, మూడోసారి మొహం వేలాడేసుకుని కొనాలి. ఇదే నా చదువు. ఇరవై రెండేళ్లొచ్చినా మా నాయిన నన్ను గద్దె మీద, అంటే యజమాని కూర్చునే పరుపు మీద, కూర్చోనివ్వలేదు. చీరలు మడతపెట్టడమే నా ఉద్యోగం.

ఒక ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక సాహెబు వచ్చాడు. కూతురి పెళ్లికి చీరలు కావాలి. చీరలకంటే ఎక్కువగా ఆయనకు పాత ఫోనోగ్రాఫులు కావాలి. ప్లేట్లు తిప్పే గ్రామఫోను కాదండోయ్. దానికి తాతలాంటిది, మైనపు గొట్టాల మీద పాడేది.

"గోపాల్‌పేటల బాలమ్మ అని ఒక ముసలామె దగ్గర ఉన్నదట, ఇత్తడి పువ్వుతోని సహా. అసొంటిది మల్ల దొరకది. తెచ్చిస్తే పెండ్లి చీరలన్నీ మీ దగ్గరనే తీస్కుంట" అన్నాడు.

మా నాయిన నా వైపు తిరిగాడు. "అరేయ్, అది తెచ్చిన నాడు నిన్ను గద్దె మీద కూసోబెడ్త."

రైలెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో వనపర్తి చేరి, ఎడ్లబండిలో గోపాల్‌పేట పోయాను. బండివాడు, నేను, రెండెద్దులు, నలుగురం నాలుకలు బయటపెట్టి దిగాం.

బాలమ్మవ్వ పాటపెట్టె మీద కప్పిన గుడ్డ తొలగించింది. ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న ఇత్తడి మూతి చూసి నా గుండె గంతేసింది. మొహం మాత్రం ఆముదం తాగినట్టు పెట్టాను.

"ఏందవ్వా, గిదేనా?"

"గిదే బిడ్డా. మా ఆయనకు గడీల దొర ఇచ్చిండు. మంచిగ పాడ్తది."

"గీ కాలంల గొట్టం పాట ఎవరింటరవ్వా? ఇంట్ల జాగ దండుగ."

"గట్లనా! మరి గీ పువ్వు?"

"కరగబెడ్తే ఒక చెంబన్న అయితది."

"గీ మైనం గొట్టాలు?"

"కాళ్ల పగుళ్లకు పెట్టుకో."

"పెట్టె?"

"కోడిని పొదగెయ్యి."

అవ్వ మొహం చిన్నబోయింది. నేనొక ధర చెప్పాను. ఎంతని అడగకండి, ఈ వయసులో నన్ను సిగ్గుపడమంటారా? ఆమె "సూస్త బిడ్డా" అంది. నేను ఆచారం ప్రకారం లేచి, వెనకనుంచి పిలుపు వస్తుందని నత్త నడక నడిచాను. పిలుపు వచ్చింది.

"మెల్లగ పో బిడ్డా, ఎండ కొడుతున్నది!"

వారం తర్వాత మళ్లీ అదే రైలు, అదే బస్సు, అవే ఎద్దులు. "వారంల ఇంకింత పాతగయింది గదవ్వా!" అని తిట్టి మళ్లీ లేచొచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎంత మంచిదో ఊరికి తెలిసింది, నాకే తెలియలేదు.

మూడోసారికి సాహెబు చీరలు ఏరి పక్కన పెట్టించుకుని మా దుకాణంలో కూర్చున్నాడు. అవ్వ ఎంతంటే అంతకే కొనాలని బయల్దేరాను. నన్ను చూడగానే అవ్వ తళతళలాడే చెంబుతో నీళ్లిచ్చింది. సగం తాగి అడిగాను.

"చెంబు కొత్తదా అవ్వా?"

"నువ్వు చెప్పిందే బిడ్డా! యుద్ధంల ఇత్తడి దొరుకుతలేదని కంచరాయన ఒక్కటే అడుగుడు. పువ్వు ఇస్తే కరగబెట్టి చేసిచ్చిండు."

మిగతా సగం నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. "మైనం గొట్టాలు?"

అవ్వ పాదాలు ముందుకు చాపింది. "సూడు, పగుళ్లన్నీ ఎట్ల మానినయో!"

పెట్టె గురించి నేను అడగలేదు. మూలనుంచి కోడే చెప్పింది.

"అవ్వా! నేను కొనేతందుకే వచ్చిన!"

"అంత పనికిరానిదాన్ని కొంటవా? పిచ్చోడివా ఏంది? గింత ఎండల తిరిగి తిరిగి నాకు మంచి మాట చెప్పినవ్. గీ చెంబు నువ్వే తీస్కపో."

బేరమాడకుండా నాకు దక్కిన సరుకు జన్మలో అదొక్కటే.

దుకాణంలో సాహెబు చెంబును తిప్పి చూశాడు. ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ వినిపించినట్టు లేదు. ఏరిపెట్టిన చీరల వైపు చూసి, "జర రంగు తక్కువున్నది" అని లేచాడు. ఆచారం ప్రకారం తిరిగొస్తాడని మా నాయిన గడప దగ్గర చాలాసేపు కనిపెట్టుకుని ఉన్నాడు. సాహెబు నిజంగానే వెళ్లిపోయాడు.

అప్పుడు మా నాయిన చెంబును కడిగి, తుడిచి, గద్దె మీద తన పక్కన పెట్టాడు. "నీ నోటితోని తయారైన సరుకు. నీకన్న ముందు ఇదే కూసుంటది."

మూడేళ్లు కూర్చుంది. నేను దాని ఎదురుగా చీరలు మడతపెట్టాను.

ఇప్పుడు ఆ చెంబులో నీళ్లు పోసుకుని, ఆ నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నచ్చిన వస్తువును ఇక తిట్టను. అలవాటు చావక తిట్టినా, దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం చచ్చినా చెప్పను.