ఆగమ్మ కూర్చోదు

మా గౌలిపురాలో పాలు పోసే ఆగమ్మ, పాలు పిండేటప్పుడు బర్రె పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చునేది కాదు. పెళ్లికి పోయినా విస్తరాకు చేతిలో పట్టుకుని నిలబడే తినేది. బస్సులో సీటు చూపించి కండక్టర్ కూర్చోమంటే, "టికెట్ బస్సుకా, సీటుకా?" అని అతని మీదికే పోయేది.

డెబ్బై నాలుగులో సర్కారు దవాఖానలో ఆమె గెలిచిన లొల్లి నా కళ్లారా చూశాను. గుమ్మం దగ్గర వార్డుబాయి ఆడవాళ్ల గుంపును చూసి, "ఆగమ్మా! ఓ తల్లీ, ఆగమ్మా!" అని గొంతు చించుకుంటున్నాడు. మా ఆగమ్మ అందరినీ తోసుకుని లోపలికి నడిచింది.

"ఏందమ్మా, ఆగుమంటుంటే!"

"పిలిసినవ్, వచ్చిన."

"నేనెప్పుడు పిలిసిన?"

"ఆగమ్మా ఆగమ్మా అని గల్లీ మొత్తం ఇనేటట్టు ఒర్రితివి. చీటి సూడు. సదువొస్తదా నీకు?"

చీటీ మీద ఆగమ్మ అనే ఉంది. గుంపంతా ఘొల్లున నవ్వింది. "పో తల్లీ, పో!" అని వాడు దారిచ్చాడు. ఆమె కొంగు పట్టుకుని నేనూ దూరాను. నన్నెవరూ పిలవలేదు. ఆ మాటకొస్తే, మా ఆయన పోయాక నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆగమ్మ ఒక్కతే.

ఆయన పోయాక నేను పాలు పోయించుకోవడం మానేశాను. చాయ్‌పత్తి డబ్బా ఎప్పుడో అడుగంటింది. ఆ సంగతి గల్లీలో ఎవరికీ పొక్కనివ్వలేదు. నేనంత అలుసు మనిషిని కాదు. అయినా ఆగమ్మ రోజూ వచ్చి, గడప అవతల గంటసేపు నిలబడి లోకం సంగతులన్నీ చెప్పేది. "కూసోవే" అంటే "కూసుంటె లెవ్వ, సక్కక్కా" అనేది. మా పీటకేమైనా ముళ్లున్నాయా అని ఒళ్లు మండేది నాకు. ఆమె పోయాక మాత్రం మర్నాటిదాకా ఇంట్లో నా దగ్గు తప్ప వేరే చప్పుడుండేది కాదు.

దవాఖాన లోపల డాక్టర్ ఆమె కాలు చూశాడు. పిక్కల మీద నరాలు నల్లగా మెలికలు తిరిగి ఉన్నాయి. చీలమండ పైన మూడు నెలలుగా మానని పుండు. ఆయన "వెరికోస్" అని ఏదో అన్నాడు.

ఆగమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నవా అక్కా? నాకు వెర్రంట, కోస్తడంట!"

డాక్టర్ నవ్వాపుకుని విడమరిచాడు. "కాలి నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. రక్తం పైకి పోగానే మూసుకోవాలి. నీవి మూసుకోవడం లేదు. రక్తం కిందికి జారి నిలిచిపోతోంది."

"మా గల్లీల మాత్రం ఎవ్వలు మూస్తరు సార్ తలుపులు?"

"తొడ మొదట్లో కట్టేసి, చెడిన నరాన్ని లాగేస్తాం. రక్తం పోవడానికి లోపల మంచి నరాలున్నాయి."

"పగ్గం లెక్క గుంజుతరా?"

"అట్లాగే. తర్వాత నెల రోజులు ఇంటింటికీ తిరిగి గంటలకొద్దీ నిలబడొద్దు. చేయించుకోకపోతే పుండు ముదిరి నడకే పోతుంది."

"అయితె వద్దు సార్." చీటీ రొండిన దోపుకుని బయటికొచ్చేసింది.

వరండాలో పట్టుకుని దులిపేశాను. "కాలు పోతదంటుంటె గంత మొండితనమేందే? నీ పాలు నీ మరిది గుండయ్య పోయడా?"

"పాలది ఫికర్ లేదక్కా." గోడకు ఆనుకుని, అప్పుడు కూడా నిలబడే, చెప్పింది. "గల్లీ కొసకు ఈశ్వరయ్య తాత ఒక్కడే ఉంటడు. ఆయన ఇంటి అవతల కొమురమ్మ ఒక్కతె. పాలు బంద్ జేసిండ్రు గని, నేను పోకుంటె పొద్దంత ఒక్క మాట మాట్లాడెటోల్లు ఉండరు. నా బదులు నువ్వు పోతనంటె నరం కోపిచ్చుకుంట."

"గంతేనా? పోత. జరసేపు కూసొని ముచ్చట వెట్టొస్త."

ఆగమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "కూసోకు అక్కా! కూసుంటె చాయ్ పెట్టాలె గద. ఇంట్ల చాయ్‌పత్తి ఉండదు, షరంతోని తల దించుకుంటరు. గడప కాడ్నే నిలబడు."

అని, నాలుక కరుచుకుని గోడ వైపు తిరిగింది.

"మరి నీ కాడికొస్తె?" అన్నాను.

"నా కాడ కూసో అక్కా, చాయ్ తాగి పో. బర్రెలు నాయే గద!"